లిస్టులో లేని ఊరి వాన

మావయ్యగారు పోయారని కోడూరుకు చెప్పింది టీవీయే. మా లోకల్ ఛానల్ అడుగున వాతావరణం పట్టీ నడుస్తుంటుంది. ఆ పట్టీలో గాలి, వాన కబుర్ల తర్వాత ఆ ఒక్క వాక్యం నేనే కలిపాను. పొద్దున్నే ఆసుపత్రి నుంచి అత్తయ్యగారు ఫోన్ చేసి, "ఆయన వెళ్ళిపోయారమ్మా. ముందు వాతావరణం వెయ్యి, తర్వాత ఏడుద్దాం" అన్నారు. అలాగే చేశాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఊరికి కేబుల్ తెచ్చినాయన. నేను ఆయన ఇంట్లోనే ఉన్న కంట్రోల్ రూములో టైపు చేసేదాన్ని. దివిసీమలో సగం మందికి ఆయన మావయ్యే, మిగతా సగానికి బావ.

మొదట్లో మాకూ అందరికున్న పెట్టే ఉండేది. మాకు ఛానళ్ళు పంపే పై కంపెనీ గుడివాడ నుంచి అన్ని ఊళ్ళ వాతావరణం కలిపి పంపేది. ఒక్కో కంట్రోల్ రూములో పెట్టెకి ఒక్కో ఊరి కోడ్. ఆ ఊరి ముక్కని ఏరుకుని పెట్టె బొమ్మ కింద నడిపిస్తుంది. తెలివైన పెట్టే, కాదనను. ఒక కోతల కాలంలో అది "పొడి వాతావరణం" అంది. జనం కోసిన వరి పనలు చేలోనే వదిలేశారు. మర్నాడు కుండపోత. మావయ్యగారు సెట్టింగులు తెరిచి చూస్తే, దానికి పెట్టిన కోడ్ మాది కాదు, బందరుది. అన్నేళ్ళూ మేం బందరు ఎండ చూసి కోడూరు వానలో తడిశాం.

కంపెనీకి ఫోన్ చేస్తే అవతలాయన నవ్వాడు. "మా లిస్టులో కోడూరు లేదండీ, దగ్గర్లో ఉన్నది పెట్టాం. ఒకటే జిల్లాగా."

"వాన జిల్లా చూసి కురవదండీ, చేను చూసి కురుస్తుంది" అని మావయ్యగారు ఫోన్ పెట్టేశారు.

తడిసిన పనలు తిరగెయ్యడానికి ఆయనే చేలో దిగారు. "మిషన్ తప్పుకి నువ్వేం చేస్తావు బావా" అని ఒక రైతు అంటే, "మిషన్ నడిచి మీ ఇంటికి రాలేదుగా, తెచ్చింది నేను" అన్నారు. ఆ నెల్లోనే మా డాబా మీద గాలి వేగం చూసే కప్పులు, వాన కొలిచే డబ్బా వెలిశాయి. వాటి తీగలు కిందికి, మా కంప్యూటర్లోకి. ఇంటర్నెట్లో బందరు రాడార్ బొమ్మని, మా డాబా లెక్కని పక్కపక్కన పెట్టుకుని కోడూరుకొక మాట, మోపిదేవికొక మాట, హంసలదీవికొక మాట రాసేవారు. గుడివాడ పట్టీ మీద మా పట్టీ కప్పేసేవాళ్ళం. చెయ్యకూడదని కంపెనీ అంటూనే ఉంది, మేం చేస్తూనే ఉన్నాం.

రాసింది రాసినట్టు వెయ్యనిచ్చేవారు కాదు. హంసలదీవిలో ఎండుచేపలు అమ్మే ఒకావిడకి ముందు ఫోన్లో చదివి వినిపించాలి. ఒకసారి నేను దర్జాగా "ఆకాశం పాక్షికంగా మేఘావృతం" అని చదివితే, ఆవిడ "ఇంతకీ చేపలు ఎండెయ్యనా, ఎత్తెయ్యనా తల్లీ?" అంది.

"అదుగో, అది రాయి" అన్నారు మావయ్యగారు వెనక నుంచి.

ఏమీ అంతుపట్టని రోజున "రేపటి సంగతి మాకు తెలియడం లేదు" అని వేయించేవారు. పరువు పోతుందండీ అంటే, "లేనిపోనిది చెప్తే వాళ్ళ చేపలు పోతాయి. ఏది నయం?" అనేవారు.

ఫోన్లలో అన్నీ వస్తుంటే ఇంకా ఈ చాదస్తం ఎందుకన్నవాళ్ళున్నారు. రానివ్వండి. ఆ ఫోన్లేవీ మా డాబా ఎక్కి చూడలేదు.

ఆయన పోయిన మర్నాడే కంపెనీ నుంచి ఫోన్. "ఆయన లేరు కదమ్మా, ఇక పట్టీ గుడివాడ నుంచే వస్తుంది. మీది కట్టేయండి."

నాకు ఒళ్ళు మండింది. ఊరంతా కోతల్లో ఉంది. గుడివాడ పట్టీ పొడి అంటోంది. మా డాబా మీద గాలి తూర్పు నుంచి వీస్తోంది, రాడార్ బొమ్మలో సముద్రం మీద మబ్బు కదులుతోంది.

"ఇది ఆయనది కాదండీ, కోడూరుది. కట్టను" అన్నాను. నా మాట తప్పితే ఆయన ఇన్నేళ్ళు నిలబెట్టిన నమ్మకం ఒక్క పూటలో పోతుంది. అయినా టైపు చేశాను. "రేపు మధ్యాహ్నానికల్లా వాన. పనలు కుప్ప వేసుకోండి."

మర్నాడు మావయ్యగారి మూడోరోజు, చిన్నకర్మ. ఇంటి ముందు టెంటు కింద కుర్చీలన్నీ ఖాళీ. భోజనాల వేళైనా ఊళ్ళోవాళ్ళు ఒక్కరూ రాలేదు. ఇంత చేసినాయనకి ఇదా మర్యాద అని బంధువులు గొణుక్కుంటున్నారు. అత్తయ్యగారు మాత్రం, "రారు. పట్టీ చూసుంటారు, చేలో ఉంటారు" అన్నారు.

పన్నెండు దాటాక ఒక రైతు చెమటలు కక్కుతూ వచ్చాడు. "అందరివీ అయిపోయినయ్యమ్మా. మా కుప్పొక్కటే, పైన కప్పడానికి పట్టా లేదు."

అత్తయ్యగారు తల పైకెత్తి చూశారు. "ఈ టెంటు విప్పండర్రా" అన్నారు.

విప్పుతుండగానే చినుకులు మొదలయ్యాయి. దండ వేసిన ఫోటో లోపల పెట్టి నేను డాబా ఎక్కాను. కాలవ దాకా నేల మీద ఒక్క పన లేదు. వాన దంచి కొడుతోంది. కుప్పల మధ్య ఒక కుప్ప మావయ్యగారి చిన్నకర్మ టెంటు కప్పుకుని ఉంది. ఎర్రచారల అంచుల నుంచి నీళ్ళు ధారగా కిందికి జారిపోతున్నాయి.