బొడ్డుకు పూసిన టించరు

అక్క కొడుకు జబ్బుకు కారణం నేనేనేమోనని ఇంతవరకు నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు.

మైపాడు దగ్గర మా ఊళ్లో అక్క ఏడో నెలలోనే ప్రసవించింది. మగబిడ్డ. దూదిలో చుట్టి, కుంపటికి కాస్త దూరంగా చేటలో పడుకోబెట్టాం. బొడ్డు ఊడితే గాని ఉయ్యాలలో వేయకూడదని అమ్మ పట్టు. పదిహేను రోజులైనా ఊడలేదు. రోజుకొక చుక్క అద్దమని కాంపౌండరు టించర్ అయోడిన్ ఇచ్చాడు. త్వరగా ఎండుతుందని నేను మూడు పూటలా పొట్టంతా పూశాను. మరక కనబడకుండా పైన గుడ్డ కట్టేదాన్ని. డైరీలో మాత్రం రాసుకున్నాను.

బొడ్డు ఊడింది. ఉయ్యాల వేడుక నాడు పేరంటాళ్లు అంత గట్టిగా పాడుతున్నా బిడ్డ కళ్లు తెరవలేదు. నాకు ఏదో తేడాగా అనిపించింది.

"ఎంత బుద్ధిమంతుడే నీ కొడుకు! ఏడుపే ఎరగడు" అంది పక్కింటి అత్త.

"వాళ్ల నాయన పోలికత్తా. పిడుగు పడినా లేవడాయన" అని అక్క నవ్వింది.

వారంలో పాలు తాగడం తగ్గింది. ఒళ్లు చల్లబడింది. విరేచనం నాలుగు రోజులకోసారి. ఏడిస్తే బొంగురు గొంతు. నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ మెడ తడిమి, "థైరాయిడ్ వాచింది. ఏమన్నా మందులు వాడినారా?" అని అడిగారు.

"పాలు తప్ప ఏమీ ఎరగడు తల్లీ" అంది అమ్మ.

అమ్మా అక్కా బిడ్డను రక్తపరీక్షకు, ఎక్స్‌రేకు తీసుకువెళ్లాక, సంచిలోని డైరీ తెరిచి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను.

ఆమె నెమ్మదిగా చదివారు. "నెలలు నిండని బిడ్డ చర్మం పలచన. పూసింది లోపలికి పోతుంది. అయోడిన్ ఎక్కువైతే థైరాయిడ్ పని ఆపేస్తుంది. ఇదే కారణమని ఖాయంగా చెప్పలేను. టించరు మాత్రం ఆపు. ఆలస్యమైతే మెదడు ఎదగదు, ఈరోజే మాత్ర మొదలుపెడదాం" అన్నారు. అమ్మతో, అక్కతో ఆ మాట ఎత్తలేదు.

థైరాయిడ్ మాత్ర పొడి చేసి తల్లిపాలలో కలిపి పోశాం. మొదటి వారం గుండె దడ, విరేచనాలు. డోసు తగ్గించారు. మూడో వారం పాల కోసం వీధి వినపడేలా ఏడ్చాడు. అమ్మ దిష్టి తీసింది. ఏడాది తర్వాత మాత్ర మాన్పించారు.

ఇప్పుడు వాడికి ఐదేళ్లు. పలక మీద అక్షరాలు దిద్దుతున్నాడు. నెలలు నిండని బిడ్డకు ఒంటికి పూసేది కూడా మందే. చెప్పినంతే పూయండి. ఏం పూశారో డాక్టరు దగ్గర దాచకండి.

మొన్న వాడు పడి మోకాలు చెక్కుకున్నాడు. అక్క వాణ్ణి నా ఒళ్లో కూర్చోబెట్టి, టించరు సీసా చేతికిచ్చింది.

"నువ్వే పూయవే. నీ చెయ్యయితే వాడు ఏడవడు."