బతికున్న ఫినన్‌కు మంత్రిగారి సంతాపం

ఐర్లండు పడమటి తీరాన, కిల్‌వార్నా చుట్టుపక్కల ఎవరు పోయినా శవం చల్లబడేలోపే మంత్రిగారు వాలిపోతారని పేరు. ఓట్లన్నీ ఆ పరామర్శల్లోనే పండుతాయి మరి. తడి కళ్లు, వంచిన మెడ, "మంచి మనిషమ్మా, నాకు బాగా తెలుసు" అన్న ముక్క ఎప్పుడూ ఆయన కారులో సిద్ధంగా ఉంటాయి. బతికున్నవాళ్ల పని మీద వెళితేనే ఆయన దొరకరు.

నోరీన్‌కు కావలసింది బతికున్నవాడి పనే. ఇళ్లు కట్టే పనులు మూతపడ్డాక ఆమె మొగుడు ఫినన్ ఆస్ట్రేలియా గనులకు వెళ్లి రెండేళ్లు దాటింది. నాలుగేళ్ల కూతురు ఓర్లాకు నాన్నంటే కంప్యూటరే. ఆదివారం పూట బిస్కట్టు సగం కొరికి, మిగతాది తెరమీద ఆయన నోటికి అంటిస్తుంది. ఇప్పుడు కౌంటీ నీళ్ల ప్లాంటులో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. మంత్రిగారు ఒక్క మాట వేస్తే ఫినన్ ఇంటికొచ్చేస్తాడు. నోరీన్ మూడు ఉత్తరాలు రాసింది. మూడింటికీ ఒకే జవాబు: "మీ ఫినన్ సంగతి నా మనసులోనే ఉంది."

ఆ మంత్రిగారే చర్చి హాలులో ప్రసంగించడానికి వచ్చారు. వందన సమర్పణ నోరీన్‌కు అప్పగించారు.

"నాలుగు తీపి మాటలు చెప్పి దిగిపో పిల్లా," అంది శాండ్‌విచ్‌లు కోస్తున్న పక్కింటి బ్రైడీ. "నోరు జారావో, నీ మొగుడు ఆ ఆస్ట్రేలియా ఎర్రమట్టిలోనే ముసలాడైపోతాడు."

మంత్రిగారు ముప్పావుగంట మాట్లాడారు. కష్టకాలంలో అందరం నడుం బిగించాలన్నారు. ఆయన నడుం ఎక్కడ మొదలవుతుందో కుట్టిన దర్జీకే తెలియాలి. "మన బిడ్డలు మనల్ని వదిలిపోలేదు, ప్రపంచమంతా విస్తరించారు!" అన్నారు. విస్తరించడానికి ఓపిక లేని ముసలివాళ్లు చప్పట్లు కొట్టారు.

తర్వాత కిందికి దిగి, ముందు వరసలో ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుంటూ వచ్చారు. "ఫినన్ భార్య," అని సెక్రటరీ చెవిలో ఊదాడు. నోరీన్‌కున్న ఒక్క మంచి కోటూ నల్లదే, అక్కడ చావుకు వేసుకునే రంగు. పక్క కుర్చీ ఖాళీ. మంత్రిగారి మెడ దానంతటదే వంగింది.

"పాపం ఫినన్! ఎంత మంచి మనిషమ్మా. ఆ రోజు నేనూ వచ్చాను కదా."

"ఏ రోజండీ?"

"అదే, ఆఖరి రోజు. ఆ మొహంలో ఎంత ప్రశాంతత!"

బ్రైడీ చేతిలో పళ్లెం ఒరిగింది. కళ్లతోనే "మింగెయ్యవే" అని బతిమాలింది. నోరీన్ మింగబోయింది కూడా. ఉద్యోగం గుర్తొచ్చింది. దాని వెనకే ఆ మూడు ఉత్తరాలూ గుర్తొచ్చాయి. లేచి మైకు ముందుకు నడిచింది.

"మంత్రిగారికి వందనాలు. మా ఆయన అంత్యక్రియలకు శ్రమపడి వచ్చినందుకు మరీ మరీ వందనాలు. నాకెవరూ కబురు పెట్టలేదు, లేకపోతే నేనూ వచ్చేదాన్ని. ఒక్క మనవి. పోయినవాడికి నీళ్ల ప్లాంటులో ఉద్యోగం ఇప్పిస్తే, పైనుంచి రప్పించే ఖర్చు మేమే పెట్టుకుంటాం."

హాలు పగలబడి నవ్వింది. ఫాదర్ జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాడు. మంత్రిగారు ఎర్రబడి మైకు లాక్కుని, "ఫినన్ బాధ్యత ఇక నాది!" అని ప్రకటించారు. మళ్లీ చప్పట్లు.

పది రోజులకు ఆ ఉద్యోగం మంత్రిగారి డ్రైవరు బావమరిదికి వచ్చింది.

ఆదివారం పొద్దున కంప్యూటరులో ఫినన్ ఇదంతా విని నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. నోరీన్ నవ్వలేదు.

"నేను నోరు మూసుకునుంటే ఆ ఉద్యోగం నీకు వచ్చేదేమో."

"వాడి మొహం. నేనెవరో తెలిస్తే కదా ఇచ్చేది."

రెండేళ్లుగా ఆయన అక్కడికి రమ్మంటున్నా, నువ్వే తిరిగి రావాలని భీష్మించుకు కూర్చున్నది నోరీనే.

"అక్కడ ఓర్లా వయసు పిల్లలకు బడి ఎంత దూరం?"

ఫినన్ తెరకు దగ్గరగా జరిగాడు.

"నడిచి వెళ్లొచ్చు," అన్నాడు. "నేను దింపుతాను."