జొన్నచేనులో తీసిన ఊపిరి

మా మేనత్త మొన్న పొద్దున పోయింది. చాయ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఒరిగింది. అంతే. ఫోను రాగానే జనగామలో నా గిన్నెల దుకాణం షట్టరు దించి బచ్చన్నపేట బస్సెక్కాను. వాకిలి నిండా జనం. అందులో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. తొంభై ఎప్పుడో దాటిన మనిషి కదా, ఏడుపుల కంటే ముచ్చట్లే ఎక్కువ నడిచాయి. ఆమెకు నచ్చేదీ అదే.

అత్తమ్మ పురుళ్లు పోసేది. పసిబిడ్డ ఉన్న ఇంటికి వెళ్తే మనమంతా ముక్కు ఎవరిది, రంగు ఎవరిది అని చూస్తాం. ఆమె మాత్రం బట్ట పక్కకు జరిపి పొట్ట చూసేది. తీరుగా లేచి పడుతోందా, పక్కటెముకల కింద గుంట పడుతోందా, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా, ఇవీ ఆమె చూపులు. "ఏడ్చింది గదా అని లేచి పోకుండ్రి. పాలు తాగి పండుకునేదాక కూసోని సూడుండ్రి" అనేది.

నా మునిమనవరాలు దవాఖానలో పుట్టినప్పుడు పాప పాదానికి వైరు చుట్టి, రక్తంలో ఆక్సిజన్ చూసే మిషన్ పెట్టారు. అత్తమ్మ దాన్ని మురిపెంగా చూసి, "గిది మంచిగున్నది బిడ్డా. నాకు గిసొంటిది ఉంటే జర నడుం వాల్చుకుందును" అని నర్సమ్మతో నవ్వింది. అయినా కుర్చీ పాప దగ్గరికే జరుపుకుంది.

నా దుకాణానికి వస్తే ఇత్తడి పళ్లేన్ని వేలితో టంగుమనిపించి, "గీ మోత ఇనకుంటనే బతికినవ్ అల్లుడా, ఇప్పుడు గిదే అమ్ముకుంటున్నవ్" అని ఎగతాళి చేసేది. ఆ సంగతి చెప్పాలి.

మా దిక్కు వెనకట పుట్టిన బిడ్డ ఏడవకపోతే చెవి దగ్గర పళ్లెం మోగించేవాళ్లు. ఉలిక్కిపడి ఏడిస్తే దక్కినట్టు, లేకపోతే ఆశ వదులుకునేవాళ్లు. నేను పుట్టింది రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న కాలంలో. నాయిన నిజాం మీద తిరగబడ్డ సంఘంలో చేరి అడవి పట్టాడు. ఒకరోజు పొద్దెక్కాక రజాకార్లు వస్తున్నారని తెలిసి, ఆడవాళ్లంతా చేతికందిన సామాను మూట కట్టుకుని జొన్నచేనులో దూరారు. అక్కడే అమ్మకు నొప్పులొచ్చాయి. అప్పట్లో పురుళ్లు పోసేది మా నాయనమ్మ. ఆమె కూతురైన అత్తమ్మ ఆమెకు చేతికింద సాయం. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నన్ను కన్నది. నేను ఏడవలేదు, కదల్లేదు.

నాయనమ్మ మూటలోంచి పళ్లెం తీసి గరిటె ఎత్తింది. అత్తమ్మ తన తల్లి చెయ్యి పట్టుకుంది.

"వద్దవ్వా. మోత ఇంటే వాళ్లు గిటే వస్తరు. గింతమందిమి ఉన్నం."

"మోగియ్యకుంటే పిలగాడు దక్కడే."

"జర ఆగు. పిలగాన్ని నాకియ్యి."

నా నోరు, ముక్కు కొంగుతో తుడిచింది. ఒంటి తడి ఒత్తి వీపు రుద్దింది. కదలిక లేదు. మళ్లీ రుద్దింది. అప్పుడు పొట్ట ఒకసారి ఎగిరింది. కాసేపటికి ఇంకోసారి.

"ఏడుస్తలేడు గదనే, ఇగేం దక్కుతడు" అని నాయనమ్మ తల పట్టుకుంది.

"ఏడ్వకున్నా ఊపిరి తీస్తుండు. నువ్వే సూడు" అంటూ అత్తమ్మ తల్లి చేతిని తెచ్చి నా పొట్ట మీద పెట్టింది. నాయనమ్మ ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదట. నన్ను అమ్మ రొమ్ముకు ఆనించి, పైన చీర కప్పి, తల్లీ కూతుళ్లు వంతులేసుకుని చూస్తూ కూర్చున్నారు. ఊపిరి మందగిస్తే వీపు రుద్దేవాళ్లు. ఆ రోజు తర్వాత నాయనమ్మ కూడా ఏ పురుటింట్లోనూ పళ్లెం మోగించలేదు.

మధ్యాహ్నం దాటాక రజాకార్ల లారీ దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. నాకూ అప్పుడే గొంతు లేచింది. పక్కింటామె భయంతో నా నోరు మూయబోతే అత్తమ్మ ఆపింది.

"ఏడ్వనియ్యి వదినా. ఎంతసేపు ఏడుస్తడో ఏడ్వనియ్యి."

చేనంతా దాక్కున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే జొన్నకర్రల నడుమ లేచి, ఒంటి మీది మట్టి దులుపుకోవడం కూడా మరిచి, నా గోల వింటూ నిలబడ్డారట.