వంట చేయని వారం కోసం మాల్దీవులు

మాల్దీవులు అనగానే అందరికీ నీళ్ల మీద కట్టిన చెక్క గదులు, చేతిలో రంగురంగుల గ్లాసులు గుర్తుకొస్తాయి. నాకు అవేవీ అక్కర్లేదు. బర్మింగ్‌హామ్‌లో ఆసుపత్రి వార్డులో పన్నెండు గంటల షిఫ్టు చేసి, ఇంటికొచ్చి కోటు విప్పకుండానే కుక్కర్ పెట్టే మనిషిని. ఒక్క వారం ఎవరైనా వండి వడ్డిస్తుంటే కూర్చుని తినాలి, అంతే నా కోరిక. 2017 ఫిబ్రవరిలో మా అమ్మాయికి హాఫ్ టర్మ్ సెలవులు వస్తే, డ్యూటీల రోటా వేసే మేనేజర్‌ని బతిమాలి యాన్యువల్ లీవ్ తీసుకున్నాను. "ఈసారి నువ్వు గరిటె ముట్టుకోవద్దు, అన్నీ నేను చూసుకుంటా" అన్నారు మావారు. ఊరివాళ్లు ఉండే ఓ చిన్న దీవిలో, ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌ని ఆయనే వెతికి, ఆయనే ఫోన్ చేసి మాట్లాడారు. స్విండన్‌లో ఉండే ఆయన స్నేహితుడు ప్రకాశ్, అతని భార్య జ్యోతి కూడా మాతో బయలుదేరారు.

బర్మింగ్‌హామ్‌లో మధ్యాహ్నం విమానం ఎక్కి దుబాయ్‌లో మారితే మర్నాడు మాలేలో దిగుతారు. అక్కడి నుంచి దీవులకు ఫెర్రీలు ఉంటాయి, టికెట్ చాలా చవక. కానీ మేం వెళ్లాల్సిన వైపు ఫెర్రీ శుక్రవారం నడవదు, మేం దిగింది సరిగ్గా శుక్రవారమే. స్పీడ్‌బోటుకి మనిషికి నలభై డాలర్లు పెట్టి, గంటన్నర ఎగిరెగిరి పడుతూ వెళ్లాం. "వెనక్కి వచ్చి కూర్చోండి మేడమ్, ముందు కూర్చుంటే నడుం పోతుంది" అని పడవ నడిపే ఆయన పిలిచి మంచి చోటు చూపించాడు. ప్రకాశ్ మాత్రం ముందే కూర్చుని, ఓ పెద్ద సూట్‌కేసుని చంటిపిల్లలా ఒళ్లో పట్టుకున్నాడు. అంత భద్రంగా ఏం తెస్తున్నాడో అని నవ్వుకున్నాను కూడా.

గెస్ట్‌హౌస్ అంటే నాలుగు గదులు, తెల్లటి ఇసుక పరిచిన వాకిలి, వాకిలికి అవతల ఇంటివాళ్ల వంటిల్లు. నడిపేది ఆదం, ఆయన భార్య షఫియా. మేం చేరేసరికి సాయంత్రమైంది. షఫియా మమ్మల్ని కాళ్లు కడుక్కోమని, బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ట్యూనా చేప ముక్కలు వేసి కాచిన పల్చటి చారు, వేడన్నం, నిమ్మకాయ, పచ్చిమిర్చి, వేయించిన చేప. అడగకుండానే నాకు రెండోసారి అన్నం పెట్టింది. నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చినంత పనైంది. మావారు, ప్రకాశ్ మాత్రం మెతుకులు కెలికి లేచిపోయారు.

గదిలోకి వెళ్లాక సూట్‌కేసు తెరుచుకుంది. రైస్ కుక్కర్, సోనా మసూరి బియ్యం, కందిపప్పు, చింతపండు, ఆవకాయ, గోంగూర, పోపు సామాను. సముద్రంలో ఈతకి వేసుకునే బట్టలు తప్ప అన్నీ ఉన్నాయి.

"వదినా, రేపు ఒక్క పప్పుచారు కాచి పడెయ్యండి చాలు. ఈ నీళ్లచారుతో వారం రోజులంటే చచ్చిపోతాం" అన్నాడు ప్రకాశ్.

"జ్యోతికి కూడా వచ్చు కదా" అన్నాను.

"అయ్యో అక్కా, ఈ ఎండకి నాకు తల పగిలిపోతోంది" అంది జ్యోతి.

"ఒక్క పూటే కదా, దానికింత చర్చా?" అన్నారు మావారు. కాదంటే ఆ వారమంతా మూతి ముడుచుకుని తిరుగుతారు. సరే అన్నాను.

మర్నాడు నేను వంటింట్లోకి వెళ్లగానే షఫియా స్టవ్ చూపించి, చేతికి లైటర్ ఇచ్చి బయటికి వెళ్లిపోయింది. తన వంట నచ్చలేదని చిన్నబుచ్చుకుందేమో అనుకున్నాను. ఒక్క పూట కాస్తా రెండు పూటలైంది, తర్వాత రోజూ అయింది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం పప్పు, రాత్రికి రసం. అందరూ పడవలో ఇసుక తిన్నె చూడ్డానికి వెళ్లిన రోజు వాళ్లకి పులిహోర కట్టిచ్చి, తిరిగొచ్చేసరికి వేడివేడిగా ఉండాలని నేను ఆగిపోయాను. మా అమ్మాయి తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి, "మమ్, వీ సా ఎ టర్టిల్!" అంది. అది తాబేలుని చూస్తున్నప్పుడు నేను రసానికి పోపు వేస్తున్నాను. ఈ పూటకి షఫియానే అడుగుదామండీ అంటే, "పాపం, ఆవిడకి మన వంటలేం వస్తాయి? ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకు?" అన్నారు మావారు. ఆవిడ ఇబ్బంది ఆయనకి వెంటనే అర్థమైంది.

బయలుదేరే రోజు పొద్దున్నే వంటింటికి వెళ్లి షఫియాతో అన్నాను, "మా వాళ్ల తరఫున సారీ. నీ భోజనం రోజూ కాదన్నాం."

ఆమె అయోమయంగా చూసింది. "కాదనడం ఏమిటి? భోజనాలు వద్దు, గదులు చాలు అని మీ ఆయన బుకింగ్ అప్పుడే ఫోన్‌లో చెప్పారు. మీకు వంటంటే ప్రాణమట, ఇంకొకళ్లు వండితే తినరట. అందుకే మీ దారికి అడ్డు రాలేదు."

"మరి మొదటి రోజు?"

"అంత దూరం నుంచి వచ్చారు, ఆకలితో ఉంటారని నేనే పెట్టాను."

షఫియా నా మొహం చూసి, కత్తిపీట లాంటి కోరాం ముందేసుకుని కొబ్బరి కోరడం మొదలుపెట్టింది. చేప, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి, వేడి రొట్టె కాల్చి పళ్లెంలో పెట్టింది. "కూర్చో" అంది. అప్పటికే బయట సామాన్లు బండి మీదకి ఎక్కుతున్నాయి, పడవ వచ్చేసిందని మావారు కేకలు పెడుతున్నారు. నిలబడే రెండు ముద్దలు తిన్నాను. పడవలో ఆయన్ని అడిగాను, ఎందుకలా చెప్పారని. "నీ చేతి వంటకి అలవాటు పడిపోయాం మరి. పొగిడినా తప్పేనా?" అన్నారు.

దీవి చాలా బాగుంటుంది, అది అబద్ధం కాదు. ఊళ్లో మందు దొరకదు, ఊరివాళ్లు తిరిగే తీరంలో ఒళ్లు కప్పుకోవాలి, ఆ మర్యాద పాటిస్తే మనుషులు ప్రేమగా ఉంటారు. కానీ ఆ సముద్రం ఎంత వెచ్చగా ఉంటుందో నన్నడిగితే చెప్పలేను. చర్చిలో ఎవరు అడిగినా "ట్రిప్ సూపర్, తిండికి అస్సలు ఇబ్బంది పడలేదు" అంటారు మావారు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. తీసుకున్న సెలవు నాదే, పడిన అలసట నాదే, సుఖపడింది మాత్రం ఆయన. వెళ్లాలనుకునే ఆడవాళ్లకి నేనిచ్చే సలహా ఒక్కటే. విమానం టికెట్లు ఎవరు కొన్నా ఫర్వాలేదు, గెస్ట్‌హౌస్‌కి ఫోన్ మాత్రం మీరే చేయండి. మీ గురించి అవతలివాళ్లకి ఏం చెప్పాలో మీ నోటితో మీరే చెప్పండి.