ఎడారి గులాబీల అసిరమ్మ
సముద్రపు చెమ్మకు మొదలు కుళ్లిపోయే ఎడారి గులాబీని ఉక్కునగరంలో మొదట బతికించి పూయించింది తోటపని అసిరమ్మే. అందుకు నాలుగు వానాకాలాలు పట్టింది. ఆ తరువాత పూల పోటీలో మూడుసార్లు మొదటి బహుమతి ఆమె పెంచిన కుండీలకే వచ్చింది. సింహాచలంలో పనసకాయను ఎంచినట్టు ప్రతి మొక్క మొదలునూ తట్టి, బొటనవేలితో నొక్కి చూస్తుంది. గట్టిగా ఉంటే చుక్క నీరు పోయదు.

ఈ జూలైలో, ఆమె తోటపని చేసే ఇంటాయన జగ్గారావు తులసికి పోసినట్టే తన ఎడారి గులాబీకీ రోజూ చెంబెడు నీళ్లు పోశాడు. అది కూతురు తొలి జీతంతో కొనిచ్చిన మొక్క. మొదలు మెత్తబడింది.

"ఉక్కపోత కదా, దాహమేస్తాదనుకున్నాను అసిరమ్మా."

"సెమట నీకు బాబూ, దానిక్కాదు. దానికి గాలే నీళ్లు తాగిస్తంది. మళ్లీ నువ్వెందుకు?"

మొక్కను పెరికి, కుళ్లు చెక్కేసి, పసుపు పూసి, వరండాలో తలకిందులుగా వేలాడదీసింది.

"సచ్చిపోతాదేటి?"

"వరి ఊడుపులకి ఊరెల్తన్నాను. నానొచ్చి నాటేదాకా నువ్వు ముట్టకపోతే బతుకుతాది."

ఆమె అలా ఆరబెట్టిన పదకొండు మొక్కల్లో ఇంతవరకు ఒక్కటీ చావలేదు. జగ్గారావు రోజూ దాని కింద నిలబడి చూస్తాడు, ముట్టడు. అసిరమ్మ తిరిగొచ్చేది ఆగస్టు పన్నెండు, బుధవారం.