కింది మంచానికి పరీక్ష

అరబ్బు దేశంలో, ఖఫ్జీ అనే ఊళ్లోని కూలీల క్యాంపులో మా గదికి ఒక పెద్దమనిషి ఉండేవాడు. మా జిల్లావాడే, మేస్త్రీ. అందరికంటే ముందు వచ్చాడు కాబట్టి ఎవరు ఏ మంచం మీద పడుకోవాలో ఆయనే చెప్పేవాడు. అంతవరకు నాకు పేచీ లేదు. కొత్తవాళ్లకు ఆయన పెట్టే పరీక్ష చూస్తేనే ఒళ్లు మండేది. అక్కడి ఊళ్ల పేర్లు పలికించేవాడు. తబూక్‌ను టబుక్ అన్నా, ధహ్రాన్‌ను ధరన్ అన్నా మావైపు తిరిగి కన్నుకొట్టేవాడు. ఖఫ్జీలో మొదటి అక్షరం గొంతు అడుగునుంచి రావాలట. ఆయన పలికితే చేపముల్లు ఇరుక్కుందేమో అనిపించేది. ఇంత గొప్పవాడు బజారులో నోరు తెరిస్తే చాలు, దుకాణం ముసలాయన "హిందీ?" అని అడిగేవాడు. ఇక్కడివాళ్లు మన దేశంవాళ్లందరినీ అలాగే అంటారు. ఆ సంగతి మాత్రం గదిలో ఎన్నడూ చెప్పలేదు ఆ మహానుభావుడు.

మా గదిలో ఒకాయన ఖురూజ్, అంటే మళ్లీ రాకుండా పోయే వీసా, కొట్టించుకుని, ఉద్యోగానికి దండం పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. అలా ఒక కింది మంచం ఖాళీ అయింది. ఆ వారమే తుని వైపునుంచి ఒక పైపు ఫిట్టర్ వచ్చాడు. నెరిసిన జుట్టు, నడుముకు బెల్టు.

"నడుం పట్టేసిందండి. నిచ్చెన ఎక్కలేనండి. ఆ కింద మంచం ఇప్పిస్తే మీ పేరు చెప్పుకుంటానండి," అన్నాడు మేస్త్రీతో.

మేస్త్రీ ఆయన్ను ఎగాదిగా చూశాడు. "ఇప్పుడు ఏ ఊళ్లె ఉన్నవు?" అని అడిగాడు.

"కాఫ్జీ అండి."

మేస్త్రీ కూరగాయల సంచిలో చెయ్యిపెట్టి ఒకటి తీశాడు. "దీన్నేమంటరు?"

"బంగాళాదుంపండి."

"ఆలుగడ్డ అనాలె. నోరు తిరిగినంక కిందికి దిగుదువుగని. ఇప్పటికైతే పైకెక్కు."

గది గదంతా పగలబడి నవ్వింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఆయన నడుము నొస్తున్నదంటుండు. నడిమిట్ల ఆలుగడ్డ ముచ్చటెందుకన్నా?" అన్నాను.

"కింది మంచం మనోళ్లకే. నీకంత పాయిరముంటే నీది ఇయ్యి."

నాదీ పై మంచమే. అది తెలిసే అన్నాడు. ఖాళీ మంచం మీద తన సూట్‌కేసు, బియ్యం సంచి పెట్టాడు. సెలవు మీద పోయిన బామ్మర్ది తిరిగొచ్చేదాకా అది అలాగే ఉండాలట. బియ్యానికి నడుము నొప్పి కాబోలు.

ఫిట్టర్ నిచ్చెన మొదటి మెట్టు మీద కాలుపెట్టి, బెల్టు పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. తెలుగోళ్లం తెలుగోళ్లం అని కనబడ్డ ప్రతివాడితో చెప్పుకునే మావాళ్లలో ఒక్కడూ లేవలేదు. నేను చెయ్యిపట్టి దింపాను. ఆయన తన సంచి తీసుకుని బయటికి నడిచాడు. వెనకాలే వెళ్లాను.

ఎదురు గదిలో నేపాలీలు ఉండేవారు. వాళ్లకు తెలుగు ముక్క రాదు, ఈయనకు హిందీ రాదు. గుమ్మంలో నిలబడి నడుము మీద చెయ్యి పెట్టి చూపించాడు. లోపల పడుకున్న ఒకతను లేచి, తన దుప్పటి పై మంచం మీదికి విసిరి, కింది మంచం చూపించాడు.