గీకుడు బావగారి రెండో ఏజెన్సీ

వస్తువు మీద కంపెనీ పేరు బావగారి కంట పడిందంటే దానికి ఆయుష్షు తీరినట్టే. పుస్తకాల్లో అక్షరాలతో ఆయనకు పేచీ లేదు. సబ్బు పెట్టె, నూనె డబ్బా, గొడుగు పిడి, గోడ గడియారం, ఇలా ఇంట్లోకి ఏది వచ్చినా ముందు ఆయన బల్ల మీదికి వెళ్లాలి. బ్లేడుతో గీకి, స్పిరిటుతో తుడిచి, పేరూ ఊరూ లేని అనాథను చేసి అప్పుడు వదిలేవారు. వీధివీధంతా ఆయన్ను గీకుడుగారనే పిలిచేది. ఆ ఒక్క పేరునే పాపం ఆయన గీకలేకపోయారు.

ఇదేమీ పిచ్చి కాదు, వృత్తిధర్మం. పగలు ఆయన కళ్లద్దాల దుకాణంలో అద్దాలు బిగిస్తారు. మిగిలిన వేళంతా ఫోటోలు. పెళ్లి ఫోటోలూ పుట్టినరోజు ఫోటోలూ కావు. టీ కప్పు, తాళంచెవి, తలనొప్పితో తల పట్టుకున్న మనిషి, ఇలాంటివి. వాటిని ఇంటర్నెట్టులో ఒక ఏజెన్సీకి పంపిస్తారు. ఎక్కడో ఎవరో తలనొప్పి గురించి వ్యాసం రాసుకుంటూ, పక్కన పెట్టుకోవడానికి ఆ బొమ్మ కొనుక్కుంటారు. ఫోటోలో ఏ కంపెనీ పేరూ కనిపించకూడదన్నది ఏజెన్సీ పట్టింపు. అందరూ ఫోటో తీశాక కంప్యూటరులో ఆ పేరు చెరిపేసుకుంటారు. బావగారికి అది గిట్టదు. ఉన్నదాన్ని లేనట్టు చూపిస్తే మోసమట. అసలు లేకుండా చేసి ఫోటో తీస్తే నిజమేనట.

ఈ నిజాయితీ దెబ్బకు ఇల్లు ఇల్లంతా అతలాకుతలమైపోయింది. వచ్చిన చుట్టాలు గుమ్మం దగ్గర బూట్లు విప్పితే, వెళ్లేటప్పటికి వాటి మీద పేర్లుండేవి కావు. ఎదురింటాయన స్కూటరు ఒకసారి ఫోటోలో వెనకాల పడుతోందని దాని మీద అక్షరాలకు నల్ల టేపు అంటించి, తీయడం మర్చిపోయారు. ఆ మహానుభావుడు తన బండిని తనే పోల్చుకోలేక, తాళం చేత్తో పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగాడు. మందుల పెట్టె జోలికి మాత్రం అక్క ఆయన్ను రానివ్వలేదు. దానికి తాళం వేసి కొంగుకు కట్టుకుంది.

"ఈ ఇంట్లో పేరంటూ మిగిలింది నాకొక్కదానికే. ఎప్పుడు గీకేస్తారో ఏమో" అనేది అక్క.

ఈ సంగతులన్నీ అక్క ఫోనులో చెబుతుంటే చెల్లెలు, అంటే బావగారి మరదలు, పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ నవ్వు ఎన్నాళ్లో సాగలేదు. ఆమె పనిచేసే ఆఫీసు ఉన్నట్టుండి మూతపడింది. పెట్టె సర్దుకుని అక్క ఇంటికే రావలసివచ్చింది. వచ్చిన మర్నాడే, సీసా మీద ఏమీ రాసిలేదు గనక, గిన్నెలు తోమే ద్రవంతో శుభ్రంగా తలంటుకుంది. జుట్టు ఆరాక స్టీలు గిన్నెలాగే తళతళలాడింది.

మరదలికి తిండి లేకపోయినా సరే, రోషం మాత్రం నిండుగా ఉండాలి. ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోదు. అక్క చెప్పులు కొనిపెడితే మొహం ముడుచుకుని తిరిగిచ్చేసింది. బావగారి వరస వేరు. ఆయన ఏదో ఒక వస్తువు తెచ్చి ఆమె గది గుమ్మంలో పడేసి, దాని ఫోటో పని ఎప్పుడో అయిపోయిందనీ, ఒకసారి తీసినదాన్ని మళ్లీ తీస్తే ఏజెన్సీ ఒప్పుకోదనీ, తనకు అడ్డంగా ఉందనీ, ఆమెకు అక్కర్లేకపోతే బయట పారేస్తాననీ గొణుక్కుంటూ పోయేవారు. పారేసే సామాను తీసుకోవడంలో నామోషీ ఏముంది? అలా బల్ల దీపం వచ్చింది. బూట్లు వచ్చాయి. ఉన్ని దుప్పటి వచ్చింది. ఒక ఇంటర్వ్యూ ముందురోజు నీలం కోటు కూడా వచ్చింది. పేరు లేదు గనక ఏది ఎంత ఖరీదో, పాతదో కొత్తదో దేవుడికే తెలియాలి.

ఆ కోటు వేసుకెళ్లినా ఉద్యోగం రాలేదు. ఇంక లాభం లేదు, నెలాఖరుకు హాస్టలుకు వెళ్లిపోతానంది మరదలు. అక్క ముక్కు చీదింది. బావగారు బ్లేడు కింద పెట్టి, తాను రెండో ఏజెన్సీలో చేరబోతున్నానని ప్రకటించారు.

"ఉన్న ఏజెన్సీ చాలదా బావగారూ?"

"ఒకే ఫోటోను రెండు చోట్లా అమ్ముకోవచ్చమ్మా. కానీ ప్రతి ఫోటోకూ వివరం రాయాలి, వెతికేవాళ్లకు దొరికేలా మాటలు తగిలించాలి. నావల్ల కాదు. నువ్వు చేస్తానంటే చేరతాను. సగం వాటా నీది. లేదంటే మానేస్తాను."

ఇది దానం కాదు, పనేనని మరదలు అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుని ఒప్పుకుంది. ఏజెన్సీ తలుపు తెరిస్తే ఆమె ఇక్కడే ఉంటుంది, తెరవకపోతే హాస్టలు. ఆ తలుపేమో తోస్తే తెరుచుకునే రకం కాదు. ముందు పది ఫోటోలు పంపాలి. పదీ వాళ్లకు నచ్చాలి. నచ్చనిదాన్ని మార్చి పంపడానికి ఒక్కసారే అవకాశం.

తొమ్మిదింటిని పాతవాటిలోంచి ఏరారు. పదోది ఆఫీసు మనిషిదైతే బాగుంటుందనీ, నీలం కోటు వేసుకుని తనే నిలబడతాననీ మరదలు అంది. బావగారు ఎందుకో నీళ్లు నమిలారు. కోటు పాతదన్నారు, వెలుతురు చాలదన్నారు. ఆమె వింటేగా. కోటు తొడుక్కుని కిటికీ పక్కన నిలబడింది. బావగారు ఎప్పుడూ ఒక్క ఫోటోకు ఊరంతా సర్దేవారు, ఆ రోజు మాత్రం టక్కున నొక్కేసి కెమెరా దించేశారు.

జవాబు వచ్చింది. తొమ్మిది నెగ్గాయి, పదోది పోయింది. కోటు బొత్తాల మీద కంపెనీ పేరు కనిపిస్తోందట.

అక్క కుర్చీలో కూలబడింది. మరదలు కోటు తెచ్చి కిటికీ దగ్గర పట్టుకుని చూసింది. నిజమే, ప్రతి బొత్తాం మీదా నువ్వుగింజలో సగం ఉన్న అక్షరాలు. ఆమెకు ఏడుపుకన్నా ముందు అనుమానం వచ్చింది. చీమ ఒంటి మీద పేరున్నా పట్టుకుని గీకే మనిషి వీటిని ఎలా వదిలాడు? పైగా ఇది ఎప్పుడో మొదటి ఏజెన్సీకి ఫోటో తీసిన కోటన్నారే, వాళ్లప్పుడు ఎలా ఒప్పుకున్నారు?

కంప్యూటరు ముందు కూర్చుని మొదటి ఏజెన్సీలో ఆయన పెట్టిన ఫోటోలన్నీ వెతికింది. టీ కప్పులున్నాయి, తాళంచెవులున్నాయి, లోకంలో ఉన్న తలనొప్పులన్నీ ఉన్నాయి. కోటు లేదు. బూట్లు లేవు. దీపమూ దుప్పటీ కూడా లేవు.

బావగారు బల్ల దగ్గర పెన్సిలు గీకుతున్నారు. ఆమె వెళ్లి ఎదురుగా నిలబడింది.

"కోటు ఫోటో ఎక్కడుంది బావగారూ?"

"పాతది కదమ్మా, ఎక్కడో పోయుంటుంది."

"బూట్లది?"

"అదీ దాంతోపాటే పోయుంటుంది."

"దీపం? దుప్పటి?"

ఆయన పెన్సిలు మీద అక్షరాలు ఎప్పుడో అయిపోయాయి. అయినా గీకుతూనే ఉన్నారు, లోపలి సీసం బయటపడింది.

"అంటే అన్నీ కొన్నవే. నా మీద జాలిపడి కొన్నవి" అంది ఆమె.

"జాలిపడేవాడు ధర చీటీతో సహా ఇస్తాడమ్మా, నలుగురూ చూసేలా" అన్నారు బావగారు తల ఎత్తకుండా. "నేను దుకాణం మెట్ల మీదే కూర్చుని చీటీలు పీకేసి తెచ్చాను. ఆ తొందరలో బొత్తాలు మర్చిపోయాను."

"ఫోటో తీసేటప్పుడైనా కనపడలేదా?"

"లేదు. ఆ కోటు తొడుక్కుని నువ్వు ఇదివరకటిలా తలెత్తి నిలబడ్డావు. ఎన్నాళ్లైందో నిన్నలా చూసి. నిన్నే చూశాను, బొత్తాలు చూడలేదు."

మరదలికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎదురుగా బావగారు, ఒక చేతిలో బ్లేడు, ఒక చేతిలో చిక్కిపోయిన పెన్సిలు, చెవుల దాకా ఎర్రబడిన మొహంతో, దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా కూర్చుని ఉన్నారు. ఆమెకు ఫక్కున నవ్వొచ్చింది. బల్ల మీది కెమెరా అందుకుంది.

"కదలకండి" అని నొక్కింది.

తర్వాత తన గదిలోంచి ఆయన ఇచ్చినవన్నీ మోసుకొచ్చి వరసగా పెట్టింది. వీటన్నిటికీ ఈ రోజే ఫోటోలు తీయాలనీ, అప్పుడవి నిజంగానే ఏజెన్సీ సామానవుతాయనీ, అప్పుడే తాను వాడుకుంటాననీ చెప్పింది. బావగారు దీపం ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. అక్క ఈసారి ముక్కు చీదలేదు, హాస్టలుకని దించిన చెల్లెలి పెట్టె మీద దుమ్ము దులిపి మళ్లీ అటక ఎక్కించింది.

పదో ఫోటోగా మరదలు పంపినది బావగారి మొహమే. దానికి ఆమె తగిలించిన మాటలు ఇవి: నడివయసు మనిషి, అబద్ధం, దొరికిపోవడం, సిగ్గు, బంధువు, ప్రేమ. ఏజెన్సీ తలుపు తెరిచింది. అందులో మొదట అమ్ముడుపోయింది కూడా అదే. తీసింది ఆమె గనక వాటాల గొడవ లేకుండా మొత్తం ఆమెకే దక్కింది. ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు.

కొన్నవాళ్లెవరో గానీ, చివరి మాట చదివినట్టు లేరు. మోసగాళ్లతో జాగ్రత్త అని ప్రకటన వేసి కింద ఆ బొమ్మ పెట్టుకున్నారు. కళ్లద్దాల దుకాణానికి వచ్చిన ఒక పెద్దాయన కొత్త అద్దాలు పెట్టుకుని, సరిగా కనిపిస్తోందో లేదో చూద్దామని ఫోను తీశాడు. ఫోనును చూశాడు, బావగారిని చూశాడు, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"మీరేనా ఇది? ఏం నేరం చేశారండీ?"

బావగారు అద్దాలు సరిచేస్తూ మెల్లగా చెప్పారు.

"మా మరదలికి కోటు కొన్నానండీ."